తొమ్మిదో పాఠం

బుధవారం బుధవారం
ఫైరింజన్లు నిలిపే షెడ్డు పైగదిలో
మాకు పోర్చుగీసు.
నేర్పేది దోనా ఎర్మెలిందా.
ముప్పై ఏళ్ళు పోస్టాఫీసులో స్టాంపులు కొట్టిన చెయ్యి,
సుద్దముక్కతోనూ గుద్దినట్టే రాస్తుంది.

బెంచీల మీద పదకొండుమందిమి,
పోఖరా అవతల నుంచి వచ్చినవాళ్ళమే చాలామందిమి,
అందరి గోళ్ళ కిందా రాస్‌బెర్రీ ఎరుపు.
పుష్కల కళ్ళు తెరిచే నిద్రపోతుంది.
తిలబహదూర్ బూట్లు విప్పితే
ప్లాస్టిక్ గుడారాల ఉక్క గదంతా పరుచుకుంటుంది.

తొమ్మిదో పాఠం: వేడుకల గురించి అడగడం.
అ కి ఓరష్ కొమేస ఉ బాయ్‌ల్?
డాన్సు ఎన్నింటికి మొదలు?
ఎ ప్రెసీజు పగార్?
డబ్బులు కట్టాలా?
పోసు లెవార్ అల్గూమ కోయ్జ?
ఏమైనా పట్టుకురానా?

పుస్తకంలో మార్తా అని ఒకమ్మాయి.
ఆమె ఎరిగినవాళ్ళందరూ శనివారాలే పుట్టారు.
ఏ పేజీ తిప్పినా కేకు మోస్తూ కనిపిస్తుంది,
నడుంనొప్పి ఉన్నట్టు లేదు.

"నేనూ రావచ్చా" అనబోయాను.
దోనా ఎర్మెలిందా తల అడ్డంగా ఊపింది.
రావచ్చా కాదు, వెళ్ళవచ్చా అనాలట ఇక్కడ.
తంబేయ్ పోసు ఈర్?
అడిగేటప్పుడు నువ్వు ఇక్కడున్నావు,
వేడుక అక్కడుంది,
మధ్య దూరాన్ని మాట ఒప్పుకోవాలి కదా, అంది.
ఆ దూరం నాకు తెలుసు.
మా గుడారాల నుంచి ఊరి కూడలికి
నాలుగు కిలోమీటర్లు,
దారిదీపాలు లేవు.

ఆ వారమంతా పళ్ళనే అడిగాను.
ముగ్గినది వేలు తగలగానే ఊడి వచ్చేది,
పచ్చిది తొడిమ పట్టుకుని వేలాడేది.
డాన్సు ఎన్నింటికి? డబ్బులు కట్టాలా?
పక్క వరసలో మేస్త్రీ ఒస్వాల్దు
ఎవరితో మాట్లాడుతున్నావన్నట్టు చూసి
నా ట్రే తూకం వేసుకుని పోయాడు.

శుక్రవారం బస్సు దిగేసరికి
కూడలిలో నిచ్చెన మీద సెన్యోర్ అబీలియు,
కాఫీకొట్టాయన,
కాగితపు తోరణాలు కడుతున్నాడు.
పెదవుల మధ్య నాలుగు మేకులు.
గొంతు సవరించుకుని అడిగేశాను,
ఒక్క అక్షరం కూడా జారకుండా.
ఆయన కిందికి చూశాడు.
మేకులు తియ్యకుండానే అన్నాడు:
క్వాందు శెగారెష్.
నవ్వాడు కూడా, సుత్తి ఆడించి.

నేను చెవులు సిద్ధం చేసుకున్నది అంకె కోసం.
ఎనిమిది తెలుసు, తొమ్మిదిన్నర తెలుసు,
అర్ధరాత్రి అన్నా పట్టేసేదాన్ని.
అందులో అంకె లేదు.
ఓబ్రిగాద, అన్నాను.
మళ్ళీ అడగడమెలాగో మూడో పాఠంలోనే చెప్పారు,
నోరు పెగల్లేదు.

శనివారం రాత్రి
మా రేకు గదిలోకి అకార్డియన్ వచ్చింది
పొలాల మీదుగా, తెరలు తెరలుగా,
గాలి ఎటు తిరిగితే అటు తెగిపోతూ.
ఎన్నింటికట? అంది పై మంచం నుంచి పుష్కల.
చెప్పాడు, అన్నాను.
మరి?
చెప్పాడే, అని గోడవైపు తిరిగాను.

బుధవారం ఆ రెండు మాటలూ
మేకులు తీసేసి, కడిగి,
దోనా ఎర్మెలిందా ముందు పెట్టాను.
సుద్దముక్క ఆగింది.
ఇది ఇరవైమూడో పాఠంలో కదా, అంది.
ఇంకా జరగలేదు,
కానీ జరిగితీరుతుందని భాష ముందే చోటు ఉంచుతుంది,
దానికోసం ఒక క్రియారూపం.
నువ్వు వచ్చినప్పుడు.
అంతే, ఆయన అన్నది.
డాన్సు ఎన్నింటికి మొదలంటే
నువ్వు వచ్చినప్పుడు.

తిలబహదూర్ ఈల వేశాడు.
పుష్కల నిజంగా మేలుకుంది.
సరదాకి అన్నాడులే, అబీలియు అందరితోనూ అంతే,
అంటూ దోనా ఎర్మెలిందా బోర్డు తుడిచింది.
సరిగా తుడవలేదు.
ఆ శె ఒక్కటి మూలన మిగిలింది.

ఆగస్టులో ఇంకో డాన్సు ఉందట.
అప్పటికి కాపు అయిపోతుంది,
కాంట్రాక్టు సంగతి చూడాలి,
టార్చిలైటు ఒకటి కొనాలి.

పదో పాఠం: మందుల షాపులో.
మార్తాకి ఈసారి జలుబు చేసింది.